కూరగాయల ఆమ్లెట్ తిప్పబోతే పొరటు అవుతోంది, ఏం చేయాలి?

చందానగర్ నాన్న – సోమవారం, ఉదయం 9.20

అందరికీ నమస్కారం. మా ఆవిడకు ఈ నెలంతా ఉదయం షిఫ్టు. ఆరు గంటలకల్లా బయలుదేరుతుంది. మూడో తరగతి చదివే మా అమ్మాయికి డబ్బా కట్టే పని నా చేతికి వచ్చింది. పప్పన్నం, పెరుగన్నం వరకు గట్టెక్కాను. ఆమ్లెట్ దగ్గర పరువు పోతోంది.

నేను చేసేది ఇది: రెండు గుడ్లు, ఒక ఉల్లిపాయ, ఒక టమాటా, సగం క్యాప్సికం, ఒక క్యారెట్, గుప్పెడు కొత్తిమీర. అన్నీ ఒకే గిన్నెలో వేసి, ఉప్పు, పసుపు చల్లి, గిలక్కొట్టి దోసెల పెనం మీద పోస్తాను. అడుగు మాడుతుంది, పైన చిత్తడిగానే ఉంటుంది. అట్లకాడ కిందికి తోసి తిప్పబోతే నాలుగు చెక్కలవుతుంది. విసుగొచ్చి కలియబెట్టేస్తాను. శుక్రవారం డబ్బా సగం అలాగే తిరిగి వచ్చింది. "ఆమ్లెట్ అని చెప్పి పొరటు పెట్టావు నాన్నా, అందరి ముందు మూత తీయలేదు" అంది.

కూరగాయలు మానేయమని మాత్రం చెప్పకండి. అవి ఆ పిల్ల కడుపులోకి వెళ్లడానికే ఈ అవస్థంతా.

పాతపెనం – సోమవారం, ఉదయం 10.05

బాబూ, ముందు మూడు సంగతులు చెప్పు. ఉప్పు వేశాక ఎంతసేపటికి పెనం మీద పోస్తున్నావు? టమాటా గింజలతో సహా వేస్తున్నావా? మంట ఎంత పెడుతున్నావు?

చందానగర్ నాన్న – సోమవారం, ఉదయం 10.30

అమ్మా, కూరగాయలు తరిగి ఉప్పు కలిపి పక్కన పెట్టి, పాపకు జడ వేసి వస్తాను. జడకు పది నిమిషాలు, ఒక్కోసారి పదిహేను (జడ గురించి వేరే చర్చ పెట్టాలి). టమాటా మొత్తం వేస్తాను. మంట పూర్తిగా పెడతాను, బస్సు 7.40కి వస్తుంది కదా.

పాతపెనం – సోమవారం, ఉదయం 11.15

దొరికింది. నీ ఆమ్లెట్ పెనం మీద కాదు, నువ్వు జడ వేస్తున్నప్పుడే విరుగుతోంది.

తరిగిన కూరగాయ మీద ఉప్పు పడితే నీళ్లు వదులుతుంది. ఊరగాయ పెట్టేటప్పుడు, సొరకాయ పచ్చడికి ముక్కలు పిండేటప్పుడు మనం చూసేదే. అసలే టమాటాలో నూటికి 95 వంతులు నీరు, క్యాప్సికంలోనూ 90 పైనే. నువ్వు తిరిగి వచ్చేసరికి గిన్నె అడుగున చారు తయారై ఉంటుంది. ఆ చారులో గుడ్డు కొట్టి పోస్తున్నావు. నీళ్లు ఆవిరి కావాలని మంట పెంచుతున్నావు, పైన ఆరేలోపు అడుగు మాడుతోంది.

రెండోది కొలత. నువ్వు చెప్పిన ముక్కలన్నీ కలిపితే కప్పున్నరకు తగ్గవు. రెండు గుడ్లు గిలక్కొడితే అరకప్పు కూడా నిండదు. అరకప్పు జిగురుతో కప్పున్నర ఇటుకలు పేర్చబోతే గోడ నిలుస్తుందా? రెండు గుడ్లకు వేయించిన ముక్కలు మూడు, నాలుగు టేబుల్ స్పూన్లు, అంతే. మిగతా క్యారెట్ సాయంత్రం ఉప్మాలో వేయి, పిల్ల కడుపులోకి అలా కూడా వెళ్తుంది.

మా ఇంట్లో పద్ధతి చెబుతాను. ఉల్లి, క్యాప్సికం మినప్పప్పు గింజంత ముక్కలు చేయాలి. క్యారెట్ తురమాలి, తరగకూడదు. ముక్క గట్టిగా ఉంటే అట్లకాడ తగిలిన చోటల్లా అక్కడే చీలుతుంది. టమాటాను నిలువుగా కోసి గింజలు, గుజ్జు చారులోకి తోసేసి, కండ ఒక్కటే వాడాలి. ఇవన్నీ అర చెంచా నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయించి, తడి ఆరాక పళ్లెంలో పరిచి చల్లారనివ్వాలి. ఆ తర్వాతే గుడ్డుతో కలపాలి. వేడి ముక్కలు కలిపావో, గిన్నెలోనే గుడ్డు తరకలు కడుతుంది. రాత్రే వేయించి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పొద్దున జడకు కావలసినంత సమయం ఉంటుంది.

బ్రెడ్డామ్లెట్ బండి – సోమవారం, మధ్యాహ్నం 3.40

అమ్మా, మీరు చెప్పింది ఇంటికి సరే. నేను సికింద్రాబాద్ స్టేషన్ వైపు పదకొండేళ్లు బండి నడిపాను. రోజుకు పది అట్టలు, అంటే మూడు వందల గుడ్లు. ఒక్కనాడూ ఉల్లిపాయ వేయించలేదు. పచ్చి ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, కారం. స్టీలు గ్లాసులో చెంచాతో టకటకా కొట్టి పోయడమే. ఒక్కటీ విరగలేదు.

పాతపెనం – సోమవారం, సాయంత్రం 4.10

టమాటా వేసేవాడివా నాయనా?

బ్రెడ్డామ్లెట్ బండి – సోమవారం, సాయంత్రం 4.25

లేదు. టమాటా వేస్తే గ్లాసులో నీళ్లు, పెనం మీద చిటపట, గిరాకీ ముందు తలవంపు. అడిగినవాళ్లకు పైన చక్రాలు పెట్టి ఇచ్చేవాడిని. క్యాప్సికం, క్యారెట్ మా బండి ఎరగదు. సరే, ఒప్పుకుంటున్నాను, మా ఆమ్లెట్‌లో కూరగాయ ఉండేదే పిడికెడు.

కానీ రెండు మాటలు నావి రాసుకోండి అన్నా. మొదటిది, ఉప్పు గ్లాసులో వేసిన వెంటనే కొట్టి పోసేయాలి, పచ్చి ఉల్లికి నీరు వదిలే వ్యవధి ఇవ్వకూడదు. రెండోది పెనం. మాది నడుమ కాస్త గుంట ఉన్న ఇనుప పెనం. గుడ్డు పోస్తే నడిమికి చేరి మందంగా నిలుస్తుంది. మీ దోసెల పెనం బల్లపరుపుగా ఉంటుంది. పోసిన గుడ్డు నలుమూలలా పారి కాగితమంత పలచనవుతుంది, దాని మీద ముక్కలు రాళ్లలా పొడుచుకొస్తాయి. తిప్పితే చిరగకుండా ఏమవుతుంది?

చందానగర్ నాన్న – సోమవారం, రాత్రి 9.00

మా పెనం 12 అంగుళాలు. ఇంట్లో అంచున్న చిన్న మూకుడు ఒకటి ఉంది, నాన్‌స్టిక్, 8 అంగుళాలు ఉంటుంది. అది పనికొస్తుందా?

తెల్లటోపీ – సోమవారం, రాత్రి 10.20

అదే కావాలి. నేను ఒక పెద్ద హోటల్లో ఉదయం ఫలహారాల దగ్గర గుడ్ల బల్ల చూసుకున్నవాడిని. అతిథి ఎదురుగా నిలబడి చూస్తుండగా మడత వేయాలి, చేయి వణికితే అయిపోయినట్లే. రెండు గుడ్లకు 8 అంగుళాలు, మూడింటికి 10. అంచు ఏటవాలుగా ఉండాలి.

అసలు ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఎందుకు తిప్పుతున్నారు? ఆమ్లెట్ దోసె కాదు. రెండో వైపు కాలాలంటే మూత ఉంది, మడత ఉంది. కూరగాయలున్న ఆమ్లెట్‌ను పూర్తిగా బోర్లా తిప్పడం అన్నిటికన్నా కష్టమైన పని, దానితో మొదలుపెడితే ఓడిపోవడమే.

మడత ఇలా. మంట మధ్యస్థంగా ఉండాలి. నూనె వేసి, చుక్క గుడ్డు వేస్తే మెల్లగా చుయ్యిమనాలి. పెద్దగా చిటపటలాడితే వేడి ఎక్కువైనట్లు. ముక్కలు కలపని గుడ్డు ఒక్కటే పోయండి. పది సెకన్లకు అంచులు గట్టిపడతాయి. అట్లకాడతో అంచును నడిమికి జరిపి మూకుడు వంచితే, పైనున్న పచ్చి గుడ్డు ఖాళీ అయిన చోటికి పారుతుంది. నాలుగు వైపులా అలా చేయండి. పైన తడి మెరుపు ఉండి, పారడం ఆగిపోయిన క్షణంలో మంట తగ్గించి, వేయించిన ముక్కలు సగం వైపు మాత్రమే పరవండి. అంచుకు వేలెడు ఖాళీ వదలండి. మూత పెట్టి అర నిమిషం. ఆ తర్వాత ఖాళీ సగాన్ని ముక్కల మీదికి కప్పండి. మూకుడును కంచం మీదికి వంచితే అదే జారుతుంది.

ఇలా చేస్తే ముక్కలు లోపల, గుడ్డు బయట. నునుపైన అర్ధచంద్రం వస్తుంది. పచ్చి గుడ్డులో ముక్కలు కలిపి పోయడం కన్నా ఇది పదింతలు తేలిక.

పాతపెనం – మంగళవారం, ఉదయం 6.10

ఇది పూర్ణం పెట్టినట్లుంది. కూరగాయ గుడ్డులో కలవకపోతే ఆ పిల్ల మడత విప్పి ముక్కలు పక్కకు నెట్టేస్తుంది, చూస్తూ ఉండండి.

తెల్లటోపీ – మంగళవారం, ఉదయం 7.00

అది నిజమే, ఆ కోణం నాకు తట్టలేదు. నా అతిథులు డబ్బులిచ్చి తినేవాళ్లు. క్యారెట్ తురుము, కొత్తిమీర గుడ్డులో కలిపేయండి, ఉల్లి, క్యాప్సికం లోపల పెట్టండి. సంధి కుదిరినట్లేనా?

ఉష్ణమాపకం – మంగళవారం, ఉదయం 11.45

ఆహార శాస్త్రం పాఠాలు చెప్పేవాడిని కనుక వేడి గురించి కొంచెం. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే. ఆ నీటిని పట్టి ఉంచేది మాంసకృత్తుల వల. తెల్లసొనలోని ఒక రకం మాంసకృత్తి 61 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 నుంచి 70 మధ్య చిక్కబడుతుంది. తెల్లసొనలోని మాంసకృత్తుల్లో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్‌కు మాత్రం 80 దాటాలి. అంటే పైభాగం కదలకుండా నిలవడానికి మీరనుకునేంత మంట అక్కర్లేదు. వేడి హద్దు దాటితే ఆ వల బిగుసుకుని, పట్టుకున్న నీటిని పిండేస్తుంది. రబ్బరులా సాగి, కంచంలో నీరు కారే ఆమ్లెట్ మీరు తినే ఉంటారు. అది ఉడకక అలా అయిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువ ఉడికి అలా అయింది.

చిన్నపిల్లలకు గుడ్డు పారేలా వదలవద్దు. లోపల 71 డిగ్రీలు తగిలితే సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా భయం ఉండదు. మూత పెట్టిన ఆ అర నిమిషాన్ని ఒక నిమిషం చేయండి. మడత విప్పి చూస్తే ద్రవం కనిపించకూడదు.

ఉప్పు సంగతిలో బండి సోదరుడితో కొంచెం విభేదిస్తాను. కూరగాయల మీద ముందుగా వేయకూడదన్నది సరే. ఉత్త గుడ్డులో మాత్రం పావుగంట ముందు ఉప్పు కలిపి ఉంచితే ఆమ్లెట్ మెత్తగా వస్తుంది. మాంసకృత్తులు ఒకదాన్నొకటి మరీ బిగించి పట్టుకోకుండా ఉప్పు అడ్డుపడుతుంది. కలిపిన గుడ్డు రంగు కాస్త ముదురుతుంది, చెడిపోయిందని కంగారుపడవద్దు.

ఇంకొకటి, ఆ నాన్‌స్టిక్ మూకుడును ఖాళీగా పూర్తి మంట మీద పెట్టి జడకు వెళ్లకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది. ఖాళీ మూకుడు ఆ వేడికి నిమిషాల్లోనే చేరుతుంది.

నల్లకుంట శాకాహారి – మంగళవారం, మధ్యాహ్నం 1.30

క్షమించండి, శీర్షిక చూసి పొరపాటున వచ్చాను. మా ఇంట్లో కూరగాయల ఆమ్లెట్ అంటే శనగపిండిది. శనగపిండిలో చెంచా బియ్యప్పిండి, వాము, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి కలిపి అట్టులా పోస్తాం. ఇక్కడేమో అందరూ గుడ్లు కొడుతున్నారు.

బ్రెడ్డామ్లెట్ బండి – మంగళవారం, మధ్యాహ్నం 2.00

అమ్మా, గుడ్డు లేకుండా ఆమ్లెట్ ఏమిటి? దాన్ని అట్టు అనండి, ఎవరూ కాదనరు.

నల్లకుంట శాకాహారి – మంగళవారం, మధ్యాహ్నం 2.20

మా వీధి చివర టిఫిన్ సెంటర్ బోర్డు మీద టమాటా ఆమ్లెట్ అనే రాసి ఉంది. వాళ్లు గుడ్డు ముట్టరు. వెళ్లి వాళ్లతో పోట్లాడండి. అన్నట్టు, మా పిండిలో టమాటా గింజలతో సహా వేసినా ఏమీ కాదు, శనగపిండి నీళ్లు పీల్చుకుంటుంది. పై పెద్దమనిషి గుడ్డులో ఒక చెంచా శనగపిండి జారుగా కలిపి వేస్తే ముక్కలు పట్టుకుంటాయేమో. నేను రుచి చూసి చెప్పలేను కదా.

పాతపెనం – మంగళవారం, సాయంత్రం 5.00

పట్టుకుంటాయి. మా అత్తగారు అలాగే చేసేవారు, ఆరుగురికి మూడు గుడ్లతో సరిపెట్టాల్సిన రోజుల్లో. పిండిని ముందు రెండు చెంచాల నీళ్లలో ఉండ లేకుండా కలిపి, అప్పుడు గుడ్డు కొట్టాలి. రుచి కొంచెం బజ్జీ వైపు మొగ్గుతుంది. తిప్పినా విరగదు.

దారుల్‌షిఫా పుదీనా – మంగళవారం, రాత్రి 8.15

రెండు గుడ్లకు నాలుగు చెంచాలే అన్న లెక్కతో ఒక చిన్న తగువు. ఇరానీయుల వంట ఒకటుంది, కూకూ సబ్జీ. మన నగరంలో ఇరానీ అనగానే చాయ్, ఉస్మానియా బిస్కెట్ గుర్తొస్తాయి గానీ ఇది హోటళ్లలో కనిపించదు, ఇళ్లలోనే చేస్తారు. అందులో గుడ్డు కన్నా ఆకే ఎక్కువ. కొత్తిమీర, సోయికూర, ఉల్లికాడలు, కొంచెం మెంతి, అన్నీ సన్నగా తరిగి, గుడ్డు అవి అంటుకోవడానికి మాత్రమే. కోస్తే పచ్చటి కేకు ముక్కలా నిలుస్తుంది.

విరగకపోవడానికి మూడు కారణాలున్నాయి. ఆకు కడిగాక తడి లేకుండా ఆరబెడతారు. అంగుళం మందం పోస్తారు. సన్నని సెగ మీద మూత పెట్టి పావుగంట వదిలేస్తారు. తిప్పేటప్పుడు చాకుతో నాలుగు త్రికోణాలుగా కోసి, ఒక్కొక్కటి తిప్పుతారు. మొత్తం తిప్పాలన్న పంతమే ఉండదు! మన పాలకూర, మెంతికూర, తోటకూరతో కూడా చేయవచ్చు. పాలకూర అయితే ముందు మూకుడులో మగ్గించి పిడికిట్లో గట్టిగా పిండాలి, లేకపోతే పాతపెనం గారు చెప్పిన చారే.

ఉష్ణమాపకం – మంగళవారం, రాత్రి 8.50

కూకూ గురించి చెప్పినందుకు సంతోషం. నాలుగు చెంచాల లెక్క మడత ఆమ్లెట్‌కు, ఇది మందపాటి అట్టు జాతి. స్పెయిన్‌వాళ్లు ఆలుగడ్డలతో చేసే తోర్తియా కూడా ఈ జాతే. వాళ్లు కంచం బోర్లించి మూకుడుతో సహా తిరగేసి, మళ్లీ లోపలికి జారుస్తారు.

అమీర్‌పేట హాస్టల్ – మంగళవారం, రాత్రి 11.30

అన్నయ్యగారూ, ఇంత చదివాక నాకొక సందేహం. డబ్బాలో పెట్టడానికే అయితే గుంతపొంగనాల పెనం వాడవచ్చు కదా? మా గదిలో నలుగురం ఉన్నాం, నాన్‌స్టిక్ పెనం మీద ఎవరో ఇనుప చెంచా గీకి పూత లేపేశారు. ఒకరి ఇంటి నుంచి వచ్చిన పొంగనాల పెనం మిగిలింది. మూడు గుడ్లలో ఉల్లి, క్యారెట్, కొత్తిమీర కలిపి, గుంతకు చుక్క నూనె వేసి ముప్పావు వంతు పోస్తాం. మూత, సన్నని మంట, రెండు మూడు నిమిషాలకు పుల్లతో తిప్పడమే. మూడు గుడ్లకు తొమ్మిదో పదో వస్తాయి. ఉబ్బి బంతుల్లా ఉంటాయి, విరగడానికి ఏమీ లేదు. గుంతలు పూర్తిగా నింపవద్దు, గుడ్డు పొంగి పక్క గుంతలోకి పోతుంది, మా గోడ మీద సాక్ష్యం ఉంది.

పాతపెనం – బుధవారం, ఉదయం 5.50

నాకు అరవై ఏడు. ఇది ఇప్పటివరకు తట్టలేదు.

తెల్లటోపీ – బుధవారం, ఉదయం 8.30

రంగు గురించి ఒక మాట మిగిలింది. ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ పొందినవాళ్లు గోధుమ రంగు మచ్చ పడితే ఆమ్లెట్ పాడైందంటారు. లేత పసుపుగా, లోపల జారుడుగా ఉండాలంటారు. నేను ఇంట్లో అలా చేస్తే మా నాన్నగారు కంచం వెనక్కి తోసి "నీచు వాసన, ఇంకాస్త కాల్చు" అన్నారు. మన నాలుకకు అంచు కాస్త ఎర్రబడాలి, మిరియాల పొడి పడాలి. మడత వేశాక చెంచా నెయ్యి అంచు వెంబడి వదిలి ఇరవై సెకన్లు ఉంచితే లేత బంగారు రంగు వస్తుంది, లోపల గట్టిపడదు.

బ్రెడ్డామ్లెట్ బండి – బుధవారం, ఉదయం 9.10

నాటు గుడ్లు వాడేవాళ్లు ఉంటే, అవి చిన్నవి, రెండు చెప్పిన చోట మూడు కొట్టండి. గోధుమ రంగు పెంకు చూసి నాటు గుడ్డని ఎక్కువ డబ్బులు పోయకండి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రంవాళ్లు తయారుచేసిన గ్రామప్రియ కోడి కూడా గోధుమ రంగు గుడ్డే పెడుతుంది. రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. గుడ్డు తాజాదో కాదో నీళ్ల గిన్నెలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారేయండి. పాతబడ్డ గుడ్డు తెల్లసొన నీళ్లలా పారుతుంది, మడతకు నిలవదు. ఎండాకాలంలో అంగడి బయట ఎండలో పెట్టిన అట్టల జోలికి వెళ్లకండి.

చందానగర్ నాన్న – శుక్రవారం, సాయంత్రం 6.40

నివేదిక ఇస్తున్నాను.

మంగళవారం రాత్రి ముక్కలు వేయించి ఫ్రిజ్‌లో పెట్టాను. కప్పున్నర ముక్కలు వేగాక ముప్పావు కప్పుకు దిగాయి, అందులోనూ మూడు చెంచాలే వాడాను. చిన్న మూకుడు, మధ్యస్థ మంట. అంచులు నడిమికి జరపడం దగ్గర తడబడ్డాను, ఒక చోట బొక్క పడింది. తెల్లటోపీ గారు చెప్పినట్లు మూకుడు వంచితే పచ్చి గుడ్డు పారి ఆ బొక్కను తానే పూడ్చింది, అది చూసి నాకు నిజంగా ఆశ్చర్యం వేసింది. మడత సగం కప్పాక చిరిగింది, చిరిగిన వైపు కిందికి పెట్టి కంచంలో బోర్లించాను. పైనుంచి చూస్తే అర్ధచంద్రమే.

గురువారం చిరగలేదు. కానీ వేడిగా ఉండగానే డబ్బా మూత బిగించాను. మధ్యాహ్నానికి మూత లోపల ఆవిరి నీరు కట్టి ఆమ్లెట్ అడుగు నానిపోయిందట. ఇవాళ జాలీ మీద ఐదు నిమిషాలు ఆరబెట్టి, రెండు ముక్కలుగా కోసి, కింద టిష్యూ కాగితం వేసి పెట్టాను.

డబ్బా ఖాళీగా వచ్చింది. పాతపెనం గారి జోస్యం మాత్రం అక్షరాలా జరిగింది, టిష్యూ కాగితంలో చుట్టి క్యాప్సికం ముక్కలు పదకొండు దొరికాయి. లెక్కపెట్టాను. క్యారెట్ తురుము ఒక్కటీ లేదు. సోమవారం నుంచి క్యాప్సికం కూడా తురుముతాను.

పక్కింటివాళ్లను అడిగి పొంగనాల పెనం తెచ్చుకున్నాను. అమీర్‌పేట తమ్ముడూ, గుంతకు నూనె ఎంత అన్నావు? చుక్క అంటే నాకు అర్థం కాదు, చెంచాల్లో చెప్పు.

అమీర్‌పేట హాస్టల్ – శుక్రవారం, రాత్రి 7.15

గుంతకు పావు చెంచా. మొదటి వాయి కాస్త అంటుకుంటుంది, అది మీరు తినేయండి.